స్పేస్ బార్‌తో సర్దిన శీర్షిక ఎందుకు జరిగిపోతుంది?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో దేవరకొండ దగ్గరి పల్లె. మా ఊరి మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘంలో వీఓఏగా, అంటే సంఘం రాతపని చూసే సహాయకురాలిగా పని చేస్తున్నాను. ఇన్నేళ్లూ మీటింగు తీర్మానాలను రిజిస్టరులో చేత్తో రాశాను. ఇప్పుడు వాటిని గూగుల్ డాక్స్‌లో టైపు చేసి పంపమంటున్నారు. మా అబ్బాయి పాత ల్యాప్‌టాప్ ఇచ్చాడు, తెలుగు టైపింగు కూడా నేర్చుకున్నాను. కానీ శీర్షికను మధ్యలోకి తెచ్చి పంపితే అవతలివాళ్ల ఫోన్‌లో అది ఎక్కడికో జరిగిపోతోంది. అధ్యక్షురాలి సంతకం, కార్యదర్శి సంతకం ఒకే వరుసలో నిలవడం లేదు. సర్క్యులర్‌లోని వాక్యాలు తెచ్చి అతికిస్తే ఒక పేరా పెద్దగా, ఒక పేరా చిన్నగా వస్తోంది. అక్షరాల కింద గీత పెడితే ఒత్తులు కనిపించడం లేదు. ఇప్పటికి రెండుసార్లు సరిచేసి పంపమని వెనక్కి పంపారు. నేను పదో తరగతి వరకే చదువుకున్నాను, కంప్యూటర్ క్లాసుకు ఎన్నడూ పోలేదు. ఎక్కడ మొదలుపెట్టి నేర్చుకోవాలో దయచేసి చెప్పగలరు.

జవాబు: సోదరీ, మీరు లేఖతో పాటు పంపిన తీర్మానాన్ని డాక్స్‌లో తెరిచి, వ్యూ మెనూలో 'షో నాన్ ప్రింటింగ్ క్యారెక్టర్స్' అనే చోట నొక్కి చూశాను. కాగితం మీద అచ్చు కాని గుర్తులను కూడా తెర మీద చూపే ఏర్పాటు అది. మీ శీర్షికకు ముందు ముప్పై ఒక్క చుక్కలు కనిపించాయి. ఒక్కొక్క చుక్క మీరు స్పేస్ బార్‌ను ఒకసారి నొక్కినందుకు గుర్తు. సంతకాల వరుసలో ఆ చుక్కలు నలభైకి పైగా ఉన్నాయి. తీర్మానానికీ తీర్మానానికీ నడుమ ఎడం కోసం నొక్కిన ఎంటర్లు మూడేసి, నాలుగేసి ఉన్నాయి. మీరు చెప్పిన నాలుగు ఇబ్బందుల్లో రెండింటికి మూలం ఇదే కనుక ముందుగా దీన్ని వివరంగా రాస్తాను.

ఖాళీలతో సర్దే అలవాటు టైపు మిషను కాలం నాటిది. నేను నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఇంగ్లీషు టైపు నేర్చుకున్న రోజుల్లో, శీర్షికను మధ్యలో కొట్టాలంటే క్యారేజీని కాగితం నడుమకు తెచ్చి, శీర్షికలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టి, రెండు అక్షరాలకు ఒకసారి చొప్పున బ్యాక్‌స్పేస్ నొక్కి, అక్కడి నుంచి మొదలుపెట్టేవాళ్లం. ఆ మిషను మీద సన్నని 'ఐ' అక్షరానికీ వెడల్పాటి 'ఎం' అక్షరానికీ ఒకే చోటు దక్కేది, ఖాళీకి కూడా అంతే చోటు పోయేది, అందుకే ఆ లెక్క ఎన్నడూ తప్పేది కాదు. ఇప్పుడు మీ ముందున్న డాక్యుమెంటులో ఆ లెక్క చెల్లదు. 'ర'కు పట్టే చోటు వేరు, 'ఝ'కు పట్టే చోటు వేరు, ఖాళీ వెడల్పు కూడా ఫాంటును, అంటే అక్షరాల అచ్చురూపాన్ని బట్టి, సైజును బట్టి మారిపోతుంది. పైగా ఫోన్‌లోని డాక్స్ యాప్ సాధారణంగా పేజీని పేజీగా చూపదు, వరుసలను ఫోన్ తెర వెడల్పుకు తగ్గట్టు విరిచి చూపుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో శీర్షికను నడుమకు తెచ్చిన ఆ ముప్పై ఒక్క ఖాళీలే ఫోన్ తెర మీద వరుసలో చాలా భాగాన్ని ఆక్రమించి, శీర్షికను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను కింది వరుసకు తోస్తాయి.

కాబట్టి శీర్షికను మీరు మోసుకుపోయి మధ్యలో పెట్టవద్దు. ఆ వరుస మధ్యలో ఉండాలని డాక్యుమెంటుకు ఒకసారి చెప్పి వదిలేయండి. తెర ఎంత వెడల్పున్నా మధ్య ఎక్కడో అదే లెక్క చూసుకుంటుంది. శీర్షిక ముందున్న ఖాళీలన్నిటినీ చెరిపివేసి, కర్సరును ఆ వరుసలో ఎక్కడైనా ఉంచి, కంట్రోల్, షిఫ్ట్ కీలను పట్టుకొని 'ఇ' నొక్కండి. 'ఇ'కి బదులు 'ఎల్' నొక్కితే వరుస ఎడమ అంచుకు, 'ఆర్' నొక్కితే కుడి అంచుకు చేరుతుంది. తేదీ కుడివైపు ఉండాలని మీరు కోరుకుంటున్నారు కనుక దానికి 'ఆర్' సరిపోతుంది. ఈ కీలు గుర్తుండకపోతే, పైనున్న పట్టీలో నాలుగు అడ్డగీతల బొమ్మను నొక్కినా ఇవే కనిపిస్తాయి.

పదో తరగతి చదువు గురించి మీరు సంకోచంగా రాశారు. మీ రిజిస్టరును ఒకసారి మనసులోకి తెచ్చుకోండి. పేజీకి ఎడమవైపు మార్జిను గీస్తారు, సమావేశం తేదీని పైన విడిగా రాస్తారు, తీర్మానం సంఖ్యను కొట్టొచ్చినట్టు కనిపించేలా దిద్దుతారు, హాజరైన సభ్యుల పేర్లను వరుసగా అంకెలు వేసి రాస్తారు, చివరన సంతకాలకు చోటు విడుస్తారు. ఫార్మాటింగ్ అనే మాటకు అర్థం ఇంతే. ఏది శీర్షిక, ఏది విషయం, ఏది జాబితా అనే తెలివిడి మీకు ఏళ్ల తరబడి ఉన్నది. దాన్ని ఈ కొత్త పనిముట్టుకు ఎలా తెలియజేయాలన్నదే మీరిప్పుడు నేర్చుకోవాలి.

అలా తెలియజేసేటప్పుడు ఒక భేదాన్ని మొదటి రోజే పట్టుకోవాలి. కొన్ని మార్పులు అక్షరాలకు సంబంధించినవి, కొన్ని పేరాకు సంబంధించినవి. బొద్దుగా చేయడం, రంగు మార్చడం, సైజు పెంచడం, ఫాంటు మార్చడం అక్షరాలకు చెందుతాయి. వీటికి ముందుగా ఆ మాటలను ఎంచుకోవాలి, ఆ తరువాతే బటను నొక్కాలి. మాట మీద రెండుసార్లు వెంటవెంటనే క్లిక్ చేస్తే ఆ మాట, మూడుసార్లు చేస్తే ఆ పేరా మొత్తం ఎంపికవుతుంది. పెద్ద భాగం కావాలంటే మొదట్లో ఒకసారి క్లిక్ చేసి, షిఫ్ట్ పట్టుకొని చివర మరోసారి క్లిక్ చేస్తే సరిపోతుంది. మధ్యకు తేవడం, వరుసల ఎడం పెంచడం, అంచు నుంచి లోపలికి జరపడం, అంకెలు వేయడం పేరాకు చెందుతాయి. వీటికి ఏదీ ఎంచుకోనక్కరలేదు, కర్సరు ఆ పేరాలో ఉంటే చాలు. ఫోన్‌లో ఈ భేదం ఇంకా స్పష్టంగా ఉంటుంది. యాప్‌లో పెన్సిలు గుర్తు నొక్కి, పైన 'ఏ' అక్షరం పక్కన గీతలున్న బొమ్మను తాకితే 'టెక్స్ట్' అనీ 'పేరాగ్రాఫ్' అనీ రెండు అరలు తెరుచుకుంటాయి. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవారిలో చాలామంది తడబడేది ఇక్కడే. కర్సరును మాట పక్కన ఉంచి బొద్దు చేసే బటను నొక్కుతారు, మాట మారలేదని మళ్లీ మళ్లీ నొక్కుతారు, ఆ తరువాత టైపు చేసినదంతా బొద్దుగా వస్తుంటే కంగారు పడతారు.

సంతకాల వరుసకు మాత్రం మధ్య, ఎడమ, కుడి అనే ఏర్పాటు ఒక్కటే సరిపోదు, ఎందుకంటే ఒకే వరుసలో అధ్యక్షురాలు ఎడమ అంచున, కార్యదర్శి కుడి అంచున ఉండాలి. దీనికి నేను నమ్మే పద్ధతి గీతలు కనిపించని పట్టిక. ఇన్సర్ట్ మెనూలో టేబుల్ దగ్గర ఒక అడ్డు వరుస, రెండు నిలువు గళ్లు ఎంచుకోండి. ఎడమ గడిలో అధ్యక్షురాలు అని రాయండి. కుడి గడిలో కార్యదర్శి అని రాసి, ఆ గడికి కంట్రోల్, షిఫ్ట్, 'ఆర్' నొక్కండి. ఆ తరువాత రెండు గళ్లనూ ఎంచుకొని పట్టిక అంచుగీత మందాన్ని సున్నా చేయండి. గీతలు మాయమవుతాయి, రెండు హోదాలూ తమ అంచులను విడిచిపెట్టవు. కోశాధికారి సంతకం కూడా కావాలంటే మూడు గళ్లు పెట్టుకోండి. పొదుపు, అప్పు వాయిదాల వివరాలు రాసే చోట మాత్రం గీతలున్న పట్టికే వాడండి. అక్కడ రూపాయల గడిని కుడి అంచుకు చేర్చితే ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు పడి, కూడిక సరిచూసుకోవడం తేలికవుతుంది.

ఇక శీర్షికల విషయం. శీర్షిక సైజును చేత్తో 16కు పెంచి, బొద్దు చేసి, రంగు మార్చి వదిలేస్తే అది చూసేవారి కంటికే శీర్షిక. డాక్యుమెంటుకు మాత్రం అది పెద్ద అక్షరాలున్న మామూలు పేరా. పట్టీలో 'నార్మల్ టెక్స్ట్' అని కనిపించే చోట నొక్కితే టైటిల్, హెడింగ్ 1, హెడింగ్ 2 అనే పేర్లు వరుసగా వస్తాయి. సంఘం పేరుకు టైటిల్, ప్రతి సమావేశం తేదీకి హెడింగ్ 1, ప్రతి తీర్మానం పేరుకు హెడింగ్ 2 ఇవ్వండి. కంట్రోల్, ఆల్ట్ కీలతో 1 నొక్కితే హెడింగ్ 1, 2 నొక్కితే హెడింగ్ 2, సున్నా నొక్కితే మళ్లీ మామూలు పేరా వస్తాయి. అప్పుడు ఎడమ పక్కన ఉండే అవుట్‌లైన్‌లో మీ శీర్షికలన్నీ వరుసగా నిలుస్తాయి. ఏడాది తీర్మానాలన్నీ ఒకే డాక్యుమెంటులో ఉన్నా, మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి సంస్థ అప్పు గురించి ఏ నెలలో తీర్మానించారని ఎవరైనా అడిగితే, పేజీలు తిప్పకుండా ఆ పేరు మీద నొక్కి అక్కడికి చేరుకోగలరు. రిజిస్టరు మీకు ఇవ్వని సౌకర్యం ఇది, అందుకే శీర్షికలు నేర్చుకోవడానికి ఒక పూట పూర్తిగా కేటాయించమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. హెడింగ్ రూపం నచ్చకపోతే ఒక్క శీర్షికను మీకు నచ్చినట్టు మార్చుకొని, అందులోనే కర్సరు ఉంచి, ఫార్మాట్ మెనూలో పేరాగ్రాఫ్ స్టైల్స్ కింద ఆ హెడింగ్ పేరు పక్కన ఉండే 'అప్‌డేట్ టు మ్యాచ్' ఎంచుకోండి. ఆ రకం శీర్షికలన్నీ ఒక్కసారిగా అదే రూపానికి మారుతాయి. అదే చోట ఆప్షన్స్‌లో 'సేవ్ యాజ్ మై డిఫాల్ట్ స్టైల్స్' నొక్కితే, ఇకపై మీరు తెరిచే కొత్త డాక్యుమెంట్లలో కూడా ఆ రూపమే ఉంటుంది.

తెలుగు అక్షరాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పనిముట్టు పుట్టింది ఇంగ్లీషు రాతను దృష్టిలో పెట్టుకొని. కొత్త డాక్యుమెంటు ఏరియల్ ఫాంటుతో, 11 సైజుతో, 1.15 ఎడంతో తెరుచుకుంటుంది. ఏరియల్‌లో తెలుగు అక్షరాలే లేవు. మీరు టైపు చేసిన తెలుగును మరో ఫాంటు నుంచి తెచ్చి చూపుతుంది, పైన పేరు మాత్రం ఏరియల్ అనే ఉంటుంది. అందుకే ఫాంటు పేరు మీద నొక్కి, 'మోర్ ఫాంట్స్' తెరిచి, 'స్క్రిప్ట్స్' దగ్గర తెలుగును ఎంచుకోండి. మండలి, రామభద్ర, గిడుగు, నోటో సెరిఫ్ తెలుగు వంటి పేర్లు వస్తాయి. వాటిలో 'సురవరం' అనే ఫాంటు మన పాలమూరు ప్రాంతంవారైన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద వచ్చింది. 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, తెలంగాణలో తెలుగు చదువరులకు అచ్చు అక్షరాన్ని అందించిన ఆయన పేరు ఈనాటి తెర మీద కనిపిస్తుంటే నాకు ఎంతో సంతోషం కలుగుతుంది. అది వార్తాపత్రికల వాడకం కోసం రూపొందిన ఫాంటు, పెద్ద సైజులో శీర్షికలకు బాగుంటుంది. తీర్మానాల విషయానికి మాత్రం నోటో సెరిఫ్ తెలుగు వంటి నిలకడైన ఫాంటును 12 సైజులో వాడండి. ఒక డాక్యుమెంటులో రెండు ఫాంట్లకు మించి వాడవద్దు.

గీత పెడితే ఒత్తులు కనిపించడం లేదన్న మీ పరిశీలన సరైనది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కువ భాగం వరుస మీదే ఆగిపోతాయి, అందువల్ల కింద గీసిన గీత వాటికి పెద్దగా అడ్డు రాదు. మన లిపిలో ఒత్తులు వరుస కిందికి దిగుతాయి. 'స్త్రీనిధి' అన్న మాటలో 'స' కింద తకార రకారాలు రెండూ ఉన్నాయి. గీత సరిగ్గా వాటి మీదుగా పోతుంది. తెలుగులో ముఖ్యమైన మాటను గుర్తించడానికి గీత వాడకండి, దానికి బొద్దు అక్షరాలు చాలు. కంట్రోల్ పట్టుకొని 'బి' నొక్కితే బొద్దు అవుతుంది, మళ్లీ నొక్కితే పోతుంది. బొద్దులోనూ ఒక జాగ్రత్త ఉంది. సురవరం, మండలి వంటి ఫాంట్లను ఒకే మందంతో తయారుచేశారు. వాటిని బొద్దు చేస్తే యంత్రం ఆ గీతలనే కృత్రిమంగా లావు చేస్తుంది కనుక చిన్న సైజులో అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోయి మసకగా కనిపిస్తాయి. నోటో ఫాంట్లకు విడిగా గీసిన బొద్దు రూపం ఉంది, అందుకే విషయానికి దాన్ని సూచించాను. వాలు అక్షరాలను తెలుగులో వాడనే వద్దని నా అభిప్రాయం. మన గుండ్రని అక్షరాన్ని పక్కకు వంచడమే తప్ప దానివల్ల ప్రత్యేకమైన అందం గానీ అర్థం గానీ రాదు.

ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి వరుసల నడుమ 1.15 ఎడం మనకు ఇరుకవుతుంది. పట్టీలో వరుసల ఎడం బొమ్మను నొక్కి 1.5 పెట్టుకోండి. అక్కడే 'కస్టమ్ స్పేసింగ్' అని ఉంటుంది. అందులో పేరా తరువాతి ఎడం 8 లేదా 10 పాయింట్లు ఇస్తే, మీరు మూడేసి ఎంటర్లు నొక్కి తెచ్చుకున్న ఎడం ఒక్క ఎంటరుకే, అన్ని పేరాల నడుమా సమానంగా వస్తుంది. కంట్రోల్, షిఫ్ట్ కీలతో 'జె' నొక్కితే వరుసను రెండు అంచులకూ సాగదీసే ఏర్పాటును కొందరు మెచ్చుకుంటారు. తెలుగు మాటలు పొడవైనవి, డాక్స్ మాటను వరుస చివర తనంతట విరవదు, అందువల్ల పెద్ద మాట కింది వరుసకు పోయినప్పుడల్లా పై వరుసలో మాటల నడుమ సందులు ఏర్పడతాయి. ఎడమ అంచుకు చేర్చిన పేరాయే చదవడానికి హాయిగా ఉంటుంది.

సర్క్యులర్ నుంచి తెచ్చిన వాక్యాలు వేరే సైజులో రావడానికి కారణం, అవి తమ పాత రూపాన్ని వెంట తెచ్చుకోవడమే. అతికించేటప్పుడు కంట్రోల్ 'వి'కి బదులు కంట్రోల్, షిఫ్ట్, 'వి' నొక్కితే మాటలు మాత్రమే వస్తాయి, రూపం మీ పేరాదే ఉంటుంది. ఇప్పటికే అతికించినవాటిని ఎంచుకొని, కంట్రోల్‌తో పాటు వెనక్కి వాలిన గీత కీని నొక్కితే అదనపు రూపమంతా తొలగిపోతుంది. ఒక్క సందర్భంలో మాత్రం ఇది పనిచేయదు. డీటీపీ సెంటరులో 'అను' అనే పాతకాలపు తెలుగు ఫాంట్లతో టైపు చేసిన ఫైలును తెచ్చి అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి; అవి యూనికోడ్‌కు, అంటే ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ అక్షరాలను దాచే ఉమ్మడి పద్ధతికి ముందునాటి పద్ధతిలో దాచిన అక్షరాలు కనుక యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి, లేదా తిరిగి టైపు చేయాలి. ఫార్మాటింగుతో అవి బాగుపడవు.

సభ్యుల పేర్ల ముందు అంకెలు మీరు వేయనక్కరలేదు. వరుస మొదట్లో 1, చుక్క, ఖాళీ నొక్కితే జాబితా మొదలవుతుంది, ఎంటర్ నొక్కినప్పుడల్లా తరువాతి అంకె వస్తుంది, రెండుసార్లు నొక్కితే జాబితా ముగుస్తుంది. అదే అంకె కింద కొత్త వరుస కావాలంటే షిఫ్ట్ పట్టుకొని ఎంటర్ నొక్కండి. అంకె తప్పుగా కొనసాగితే దాని మీద కుడి క్లిక్ చేసి 'రీస్టార్ట్ నంబరింగ్' ఎంచుకోండి.

ఏదైనా చెడిపోతుందన్న భయం పెట్టుకోకండి. కంట్రోల్ 'జడ్' నొక్కితే చివరి మార్పు వెనక్కి పోతుంది. మీరు టైపు చేస్తున్నదంతా ఎప్పటికప్పుడు దానంతటదే భద్రమవుతుంది. ఫైల్ మెనూలో 'వర్షన్ హిస్టరీ' తెరిస్తే పాత రూపాలను చూసి, కావలసినదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు.

మొదటి సాధనగా, వెనక్కి వచ్చిన ఆ తీర్మానాన్నే తీసుకోండి. ఫైల్ మెనూలో 'మేక్ ఎ కాపీ' నొక్కి దానికొక నకలు తీసి, ఆ నకలులో చుక్కల గుర్తులు కనిపించేలా చేసి, అదనపు ఖాళీలనూ ఎంటర్లనూ చెరిపి, పైన చెప్పిన ఏర్పాట్లను ఒక్కొక్కటిగా చేస్తూ పోండి. రోజుకు అరగంట కూర్చుంటే వారంలో పూర్తవుతుంది. 'పేజ్ సెటప్'లో కాగితం ఏ4 ఉన్నదో లేదో చూసి, ఫైలులో కుట్టడానికి వీలుగా ఎడమ మార్జినును 3.5 సెంటీమీటర్లు చేసుకోండి. పంపేముందు మీ ఫోన్‌లో ఒకసారి తెరిచి చూసుకోండి. సంతకాల కోసం అచ్చు తీయవలసిన ప్రతిని ఫైల్ మెనూలోని 'డౌన్‌లోడ్'లో పీడీఎఫ్‌గా దించుకొని పంపండి. అందులో అక్షరం ఎక్కడుంచినది అక్కడే ఉంటుంది. డాక్యుమెంటునే పంచుకోవలసి వస్తే 'షేర్' దగ్గర అవతలివారిని 'వ్యూయర్'గా ఉంచండి. తీర్మానం సభ్యులందరి సమ్మతితో రాసిన మాట, దానిలో ఒక్క అక్షరాన్నైనా మీకు తెలియకుండా మరొకరు మార్చే వీలు ఉండకూడదు. నకలు పూర్తయ్యాక నాకొకసారి పంపండి, చుక్కల గుర్తులతో మళ్లీ చూసి రాస్తాను.